నేను తెంపిన ఉమ్మడి హారం

చుక్క తాగకుండా, ఒంట్లో జ్వరం లేకుండా, పూర్తి తెలివిలో ఉన్న ఒక మనిషి, చేతిలో కత్తెరతో, ప్రార్థన మందిరంలో, ఊరంతా చూస్తుండగా ఎంత ఘోరం చేయగలడో మీకు తెలియకపోతే ఇది చదవండి. ముందే తెలిస్తే మీరు ఆ రోజు అక్కడ ఉన్నారన్నమాట. అలాంటప్పుడు దయచేసి నవ్వకుండా పక్కకు జరగండి, మిగతావాళ్ళను చదువుకోనివ్వండి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. గణితంలో డిగ్రీ చేతికొచ్చి మూడు నెలలైంది. డిగ్రీ చేతికీ గర్వం నెత్తికీ ఒకే రోజు వచ్చాయి. చేతిలోది బీరువాలో పెట్టాను గాని నెత్తిమీదిది ఎక్కడా దించలేదు. మా ఇల్లు పెందుర్తిలో. అక్కణ్ణుంచి రెండు బస్సులు మారి మల్కాపురం వైపున్న ఒక చిన్న సంఘానికి వెళ్ళి, శనివారం సాయంత్రం పిల్లలకు ట్యూషనూ ఆదివారం పొద్దున్న సండే స్కూలూ చెప్పేవాణ్ణి. పోర్టులో పనిచేసేవాళ్ళూ స్టీలు ప్లాంటులో పనిచేసేవాళ్ళూ ఉండే చోటు. గాలి నిండా ఇనుప ఖనిజం దుమ్మూ బొగ్గు దుమ్మూ, నల్లచొక్కా వేసుకెళ్తే ఎర్రగా, తెల్లచొక్కా వేసుకెళ్తే నల్లగా తిరిగొచ్చేవాణ్ణి. ట్యూషన్ ఉచితం కాబట్టి సంఘం పిల్లలే కాదు, పక్కన జాలర్లుండే జాలారిపేట పిల్లలు కూడా వచ్చేవారు.

ఒక శనివారం పాస్టరుగారు పిల్లల నోటు పుస్తకాలు తిరగేస్తూ ఒక పుట దగ్గర ఆగిపోయారు.

"బాబూ జయపాల్, మూడింట ఒకటికీ నాలుగింట ఒకటికీ కలిపితే ఏడింట రెండా?"

"కాదండి."

"మరి అందరూ అదే రాశారేం?"

"ఐకమత్యం అండి," అన్నాను. "పైదానికి పైదీ కిందిదానికి కిందిదీ కూడేస్తున్నారు. గీత కింద ఉండే అంకెను హారం అంటాం కదండీ. ముందు ఆ హారాలు రెండూ ఒకటి చెయ్యాలి. ఉమ్మడి హారం కనుక్కోవడం దగ్గరే అందరూ బోల్తా కొడుతున్నారు."

ఆయన గడ్డం నిమురుకున్నారు. "రేపు అందరికీ చెప్పి, పై ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట తీసుకో. తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెట్టు. కాకపోతే మందిరంలో చెప్పేది కదా, కొంచెం వాక్యం కలిపి చెప్పు."

కొంచెం అన్నారు. ఆ మాట నాకు వినబడలేదు. కూరలో కొంచెం ఉప్పు వెయ్యమంటే బస్తా మూతి విప్పే రకం నేను. ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని భిన్నాలకు ఒక వేదాంతం తయారు చేశాను. భిన్నాలంటే విడిపోయినవాళ్ళు. హారాలు వేరుగా ఉన్నంతకాలం కలవలేరు. అలాగని నువ్వు తగ్గంటే నువ్వు తగ్గని కూర్చుంటే జరిగేది కాదు. మూడు వెళ్ళి నాలుగును తన మీదికెత్తుకోవాలి, నాలుగు వెళ్ళి మూడును ఎత్తుకోవాలి. అప్పుడు ఇద్దరికీ హారం పన్నెండవుతుంది. ఎవరి విలువా రవ్వంత తగ్గదు, కాని కూడిక కుదురుతుంది. ఒకరి బరువు ఒకరు మోయడమంటే ఇదే కదా! పైగా పన్నెండు! శిష్యులెంతమంది? పన్నెండుమంది! నాకు ఒళ్ళు పులకరించింది. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే "పన్నెండు" అన్నాను.

ఇప్పటికీ చెబుతున్నాను, ఆ ఆలోచనలో తప్పు లేదు. తప్పల్లా దాన్ని నోరు తెరిచి బయటికి చెప్పడంలో ఉంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మూడేళ్ళుగా సంఘంలో గోడలకు కూడా తెలిసి, కొత్తవాణ్ణయిన నాకొక్కడికే తెలియని సంగతి. సువార్తమ్మగారు, మెర్సీగారు తోడికోడళ్ళు. వాళ్ళ అత్తగారు పోయేముందు మెళ్ళోని హారం తీసి పాస్టరమ్మగారి చేతిలో పెట్టి, "నా కోడళ్ళిద్దరికీ" అని కన్నుమూశారు. దారానికి బంగారు గుండ్లు గుచ్చిన హారం. ఇద్దరికీ అంటే ఎవరికి? పెద్దకోడలు తనదంది, చిన్నకోడలు తనదంది. పోనీ తెంపి చెరిసగం పంచుకోండమ్మా అంటే, "అత్త మెళ్ళో ఏసుకున్న హారం తెంపిన పాపం నాకొద్దు" అని ఇద్దరూ ఒకే మాట. వాళ్ళకు కుదిరిన ఒక్క మాట అదే. హారం పాస్టరమ్మగారి బీరువాలోకి వెళ్ళింది. వీళ్ళిద్దరి మధ్యా పలకరింపులు ఆగిపోయాయి. ఒకావిడ ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుంటే, ఇంకొకావిడ ఆఖరి వరసలో గోడకు అంటుకుని కూర్చునేది.

వాళ్ళ పిల్లలకు మాత్రం ఈ పట్టింపు లేదు. సువార్తమ్మగారి కూతురు స్టెల్లా, మెర్సీగారి కొడుకు బన్నీ నా క్లాసులో పక్కపక్కనే కూర్చుని, ఒకరి తప్పులు ఒకరు చూసి శ్రద్ధగా రాసుకునేవారు.

ఇది తెలిశాక మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవారు? నోరు మూసుకునేవారు. నాకు తెలియదు కాబట్టి, మర్నాడు ఆరాధనలో ప్రకటనల సమయానికి ముందుకెళ్ళి మైకు పట్టుకున్నాను.

"సహోదరులారా! మన సంఘంలో ఒక సమస్య ఉంది. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు." ఆగాను. గొప్ప వక్తలు ఇక్కడ ఆగుతారని విన్నాను. "అది హారం సమస్య."

మందిరంలో విసనకర్రలు ఆగిపోయాయి.

"ఒకరిది పెద్దది, ఒకరిది చిన్నది. నాదంటే నాదని విడివిడిగా ఉన్నంతకాలం కలవలేరు. కాని ఉమ్మడి హారం అనేది ఒకటుంది! దాన్ని బయటికి ఎలా తియ్యాలో వచ్చే ఆదివారం అందరి ముందూ చూపిస్తాను. తల్లులందరూ రండి. ముఖ్యంగా ఈ విషయంలో బాగా వెనకబడినవాళ్ళు ఇద్దరున్నారు. స్టెల్లా వాళ్ళమ్మగారు, బన్నీ వాళ్ళమ్మగారు తప్పకుండా రావాలి!"

పాస్టరుగారి కళ్ళజోడు జారి పాటల పుస్తకం మీద పడింది. ఎక్కడో ఒక పెద్దాయన దగ్గబోయి మానుకున్నాడు. ఆ నిశ్శబ్దం చూసి నాకు గుండె ఉప్పొంగింది. భిన్నాల మీద మొదటి ప్రసంగానికే ఇంత కదిలిపోతే, ఇక దశాంశాలు చెబితే ఏమైపోతారో అనుకున్నాను.

ఆరాధన అవగానే పాస్టరుగారు నన్ను పక్కకు లాగారు. ముందు రోజు మేం మాట్లాడుకున్న భిన్నాల సంగతి ఆయనకు అప్పుడు గుర్తే లేదని నాకు తర్వాత తెలిసింది.

"బాబూ, నీకు ఇదంతా ఎవరు చెప్పారు?"

నేను నా వేదాంతం గురించి అడుగుతున్నారనుకున్నాను. "ఎవరూ చెప్పలేదండి. బస్సులో వెళ్తుంటే దేవుడే చూపించాడు."

ఆయన నా చేతులు రెండూ పట్టుకున్నారు. "మూడేళ్ళు. మూడేళ్ళ నుంచి నేను నోరు విప్పలేకపోయాను. నువ్వు విప్పావు. చెయ్యి బాబూ, నేను అడ్డురాను."

భిన్నాలంటే ఈయనకు ఇంత బాధ ఉందని నాకప్పటిదాకా తెలియదు.

గేటు దాటకముందే సువార్తమ్మగారు ఆపేశారు. నిండైన మనిషి, గొంతు కూడా నిండుగానే ఉంటుంది.

"బాబూ, మా ఇసయం నీకెవలు సెప్పేరు?"

"ఒకరు చెప్పేదేముందండి, కాగితాలు చూస్తే తెలిసిపోయింది," అన్నాను. నేననేది స్టెల్లా పరీక్ష కాగితాలు.

ఆవిడ మొహం పాలిపోయింది. "కాయితాలున్నాయేటి!"

"అన్నీ నా దగ్గరే ఉన్నాయండి. మీ దగ్గరా మెర్సీగారి దగ్గరా ఒకటే తప్పు."

"నా తప్పేటుంది? పెద్దదానికే కదేటి రావాల?"

"అక్కడే అందరూ పొరబడతారండి. పెద్దది ఉంది కదా అని చిన్నదాన్ని కొట్టేస్తే లెక్క తప్పిపోతుంది."

"ఓలమ్మో! నాను దాన్నెప్పుడు కొట్టేను?"

"కొట్టకూడదండి. పెద్దది చిన్నదాని దగ్గరికెళ్ళాలి, చిన్నది పెద్దదాని దగ్గరికి రావాలి. అప్పుడే ఉమ్మడి హారం."

"అది నా కాడికి వచ్చీది కాదు బాబూ. దాని పొగరు నీకు తెల్దు."

ఒక అంకెకు పొగరేమిటా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. లెక్కలు రాని తల్లులు లెక్కల్ని అలాగే తిడతారులే అని సమాధానం చెప్పుకున్నాను. "వస్తుందండి. వచ్చే ఆదివారం అందరి ముందూ రప్పిస్తాను," అని మాటిచ్చాను.

బస్‌స్టాపు దగ్గర మెర్సీగారు పట్టుకున్నారు. ఈవిడ సన్నగా, బెదురుగా, మాట మాటకూ వెనక్కి చూసుకుంటూ ఉంటుంది.

"మాస్టారూ, మా అప్ప మీతో ఏటంటంది?" అక్కడ అప్ప అంటే అక్క. సువార్తమ్మగారి గురించని అర్థమైంది.

"పెద్దదానికే రావాలంటున్నారండి. అలా కుదరదని చెప్పాను."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మూడేళ్ళకి మీరొక్కలే నాయం సెప్పేరు. మరి ఇప్పుడు ఏటి సేత్తారు?"

"పన్నెండు ముక్కలు చేస్తానండి."

"ఏటీ?"

"హారాన్ని. రెండు ముక్కలు చేస్తే ఎవరికీ అర్థం కాదండి. పన్నెండు చేస్తేనే తేటగా ఉంటుంది. ఇటు నాలుగు, అటు మూడు."

"నాలుగెవలికి, మూడెవలికి?"

"మూడింట ఒకటికి నాలుగు, నాలుగింట ఒకటికి మూడు."

ఆవిడ వేళ్ళు మడిచి చూసుకుంది. కొడుక్కు రాని కూడిక తల్లికి చిటికెలో వచ్చింది. "మరి మిగతా అయిదూ?"

"అవి నా దగ్గరే ఉంటాయండి," అన్నాను చిరునవ్వుతో.

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆవిడ ఊపలేదు. జేబుదొంగను కళ్ళారా చూసి కూడా అరవలేని మనిషిలా నిలబడిపోయింది.

ఇక ఆ వారమంతా ఆ పేటలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. సోమవారానికి, కొత్త మాస్టారు హారం పంచుతాడట అన్నారు. బుధవారానికి, పన్నెండు ముక్కలు చేసి అయిదు తానే పట్టుకుపోతాడట అన్నారు. శుక్రవారానికి, పాస్టరుగారికి కలలో కనబడిందట అన్నారు. పాస్టరుగారేమో తోడికోడళ్ళిద్దరినీ తన భార్య ముందే ఒప్పించారనుకున్నారు. పాస్టరమ్మగారేమో భర్తే నన్ను నియమించారనుకున్నారు. మంచి దంపతులు, ఒకరి నిర్ణయాన్ని ఒకరు ప్రశ్నించరు. సంసారానికి అది మంచిదే గాని నా ప్రాణానికి కాదు.

శనివారం ట్యూషన్‌కి వెళ్తే కిటికీల నిండా పెద్దవాళ్ళ తలకాయలు. వాచ్‌మన్ అప్పలస్వామి వచ్చి నా చెవిలో, "మాస్టారూ, రేపు బస్సు కాడికి ఒక్కలూ ఎల్లకండి. నాను దగ్గరుండి ఎక్కిత్తాను," అన్నాడు. ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

ఆ వారం నేను కూడా ఖాళీగా లేను. హారం గురించి చెప్పేటప్పుడు చేతిలో ఒక హారం ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది. పన్నెండు థర్మకోల్ ఉండలు కొని, బంగారు రంగు పూసి, నైలాను దారానికి గుచ్చాను. ప్రతి రెండు ఉండల మధ్యా తెంపి, నాలుగు ఇటూ మూడు అటూ పెట్టి చూపించాలని నా ప్రణాళిక. ఆదివారం బస్సు రద్దీలో నలిగిపోతుందని, శనివారమే ఒక స్వీటు డబ్బాలో పెట్టి తెచ్చి పాస్టరమ్మగారికిచ్చాను. "అమ్మగారూ, ఇది క్లాసు సరుకు. రేపటిదాకా జాగ్రత్త," అన్నాను.

గమనించారా? సరుకన్నాను. హారం అనలేదు. అన్నిచోట్లా అనకూడని చోట ఆ మాట అని, అనాల్సిన ఒక్కచోట మానేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో పోవడానికి ముందు ఉన్నదేమిటో కూడా తెలియదు.

ఆదివారం ఆరాధన అయింది. ఒక్కరు లేవలేదు. పైగా బయటివాళ్ళు లోపలికి వస్తున్నారు. పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళు హెల్మెట్లు చంకలో పెట్టుకుని గోడ వెంట నిలబడ్డారు. క్రిస్మస్‌కు తప్ప కనబడని మొహాలు కనబడ్డాయి. జాలారిపేట నుంచి చేపల గంపలు గుమ్మం బయట దించి ఆడవాళ్ళు తొంగిచూస్తున్నారు. లెక్కలకు ఇంత గిరాకీ ఉందని తెలిస్తే ఇంకో డిగ్రీ కూడా చేసేవాణ్ణే అనుకున్నాను.

బోర్డు మీద రెండు భిన్నాలు రాశాను. "వీళ్ళిద్దరూ ఒకే ఇంటివాళ్ళు," అని మొదలుపెట్టాను. "కాని విడిపోయారు. ఎందుకు? హారాలు కలవక."

మొదటి వరసలో సువార్తమ్మగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఆఖరి వరసలో వెక్కిళ్ళు వినబడ్డాయి. భిన్నాలకు ఏడ్చే పిల్లల్ని చాలామందిని చూశాను గాని ఏడ్చే తల్లుల్ని చూడటం అదే మొదలు. ఇంకా రెచ్చిపోయాను. మూడు నాలుగునెత్తుకోవడం, నాలుగు మూడునెత్తుకోవడం, ఎవరి విలువా తగ్గకపోవడం, అన్నీ చెప్పాను. ఒక ముసలాయన "ఆమేన్" అన్నాడు. కనిష్ఠ సామాన్య గుణిజానికి ఆమేన్ పడటం, నాకు తెలిసి, లోకంలో అదొక్కసారే.

"ఇక కళ్ళతో చూద్దాం. అమ్మగారూ, హారం తెస్తారా?"

పాస్టరమ్మగారు లేచారు. వాళ్ళిల్లు మందిరం పక్కనే. వెళ్ళి రెండు నిమిషాల్లో వచ్చారు. చేతుల్లో స్టీలు పళ్ళెం, దానిమీద తెల్లటి గుడ్డ, దానిమీద హారం. ఆవిడ చెంపల మీద కన్నీళ్ళు. జనం దారి ఇచ్చి నిలబడ్డారు. నా థర్మకోల్‌కు ఇంత గౌరవమా అని నా కళ్ళు కూడా చెమర్చాయి.

తీసుకున్నాను. బరువుగా ఉంది. రంగు రెండు పూతలు వేశాను కదా, పట్టుంటుంది అనుకున్నాను. గుండ్లు పన్నెండు కాదు, చాలా ఉన్నాయి, చిన్నగా ఉన్నాయి. పాపం అమ్మగారు రాత్రి కూర్చుని నాకోసం అందంగా మార్చి గుచ్చారన్నమాట అనుకున్నాను. మనిషి మూర్ఖత్వానికి ఒక హద్దుంటుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. ఆ హద్దు నేను ఆ రోజు దాటేసి వెనక్కి తిరిగి చూస్తే కనబడలేదు.

జేబులోంచి కత్తెర తీశాను. పెందుర్తిలో మా ఇంటిపక్క టైలరు దగ్గర అరువు తెచ్చిన పెద్ద కత్తెర.

"ఇప్పుడు దీన్ని తెంపుతున్నాను."

"ఒద్దు!" అని మొదటి వరసలోంచి ఒక కేక.

"ఒద్దు మాస్టారూ, ఒద్దు!" అని ఆఖరి వరసలోంచి ఇంకొకటి.

"భయపడకండి," అన్నాను దయగా. "తెంపితేనే అర్థమవుతుంది."

కచక్.

థర్మకోల్ ఉండలు నేలమీద పడితే చప్పుడు కాదు. ఇవి ఘల్లున పడ్డాయి. గచ్చు మీద గంతులేస్తూ, బెంచీల కింద దూరుతూ, మందిరం నలుమూలలకూ దొర్లిపోయాయి. ఆ చప్పుడు నా చెవిలోంచి మెదడుకు వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వెళ్ళాక కత్తెర బల్ల మీద పెట్టేశాను.

"అమ్మగారూ," అన్నాను. "ఇది నా హారం కాదాండీ?"

"నీ హారమేంటి బాబూ! వాళ్ళ అత్తగారి హారం!"

"మరి నాదేదండీ? నిన్న ఇచ్చాను కదా, స్వీటు డబ్బాలో?"

"అది క్లాసు సరుకన్నావు! ఫ్రిజ్ మీద పెట్టాను!"

సువార్తమ్మగారు నా మీదికి వస్తారనుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ మోకాళ్ళ మీద ఉన్నారు. ప్రార్థనకు కాదు, గుండ్లకు. ఆఖరి వరసలోంచి మెర్సీగారు కూడా పాక్కుంటూ వస్తోంది. మరుక్షణం మందిరం మొత్తం నేలమీదికి దిగింది. హెల్మెట్లవాళ్ళు బెంచీలు ఎత్తి పట్టుకున్నారు. పాస్టరుగారు బల్ల కింద దూరారు. ఆయన చెప్పుల అడుగుభాగం తప్ప ఏమీ కనబడటం లేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు పెద్దలు. హారం తెంపనేల, గుండ్లు ఏరనేల అని గొణుక్కుంటూ నేనూ వంగాను.

అప్పుడు వినబడింది.

"అప్పా, నీ ఎడం కాలి కాడొకటి."

"ఏదే? కనబడ్లేదు."

"అదిగో, సీర అంచు కింద. కదలకు, నాను తీత్తాను."

ఇద్దరి తలలూ ఒకే బెంచీ కింద ఉన్నాయి. ఇద్దరూ ఒక్కసారి ఆగిపోయారు. మూడేళ్ళ తర్వాత తాము మాట్లాడుకున్నామని వాళ్ళకు అప్పుడే తెలిసినట్టుంది.

"నీ మోకాలి నొప్పి ఎలగుందప్పా?" అంది మెర్సీగారు మెల్లగా.

"నీకెవలు సెప్పేరు?"

"బన్నీగాడు సెప్పేడు. ఆడికి స్టెల్లా సెప్పిందట."

సువార్తమ్మగారు చేతిలో ఉన్న నాలుగు గుండ్లూ మెర్సీగారి అరచేతిలో పోసి, ఆ చెయ్యి మూసి పట్టుకుని, నేలమీదే కూర్చుని భోరుమన్నారు. ఇది నవ్వుల కథ కాబట్టి ఇక్కడ నేను ఎక్కువసేపు ఉండను. కాని ఆ రోజు నేను చెప్పిన వేదాంతమంతా ఆ మూసిన చేతిలో ఉందని, దాన్ని అంత బాగా నేను మాత్రం చెప్పలేకపోయానని ఒప్పుకోవాలి.

అంతా సర్దుకుందనుకున్నారా? అప్పుడే అసలు గొడవ మొదలైంది.

"ఇది నువ్వే ఉంచుకోయే," అన్నారు సువార్తమ్మగారు.

"నాకొద్దప్పా. పెద్దదానివి, నువ్వే ఉంచుకో."

"సెప్తంటే ఇనవేటి! నువ్వే ఉంచుకోవాల!"

"నానుంచుకోను! నువ్వే!"

మూడేళ్ళు నాకంటే నాకని మాట మానేసినవాళ్ళు, ఇప్పుడు నీకంటే నీకని మందిరం కప్పు లేచిపోయేలా అరుచుకుంటున్నారు. పాస్టరుగారు బల్ల కిందినుంచి బయటికి రాబోయి, ఇది విని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

ఈలోగా స్టెల్లా, బన్నీ గుండ్లన్నీ కానుకల సంచిలో పోసి లెక్కపెట్టారు. "యాభై మూడు!" అంది స్టెల్లా.

బన్నీ వాళ్ళమ్మ కొంగు లాగాడు. "అమ్మా, ఎలాగూ తెగిపోయింది కదా. రెండు సేసేత్తే సరిపోదేటి?"

ఇద్దరూ నోరు తెరిచి వాడివైపు చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత నావైపు చూశారు. అత్తగారి హారం తెంపే పాపం ఎవరు మూటగట్టుకోవాలన్నదే కదా మూడేళ్ళ తగువు. ఆ పాపం మూటగట్టుకుని, పెందుర్తి నుంచి రెండు బస్సులు మారి, సొంత కత్తెర కూడా లేక అరువు తెచ్చుకుని మరీ వచ్చినవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"అవునే," అన్నారు సువార్తమ్మగారు. "తెంపింది మనం కాదు కదేటి."

"మనకేటి పాపం!" అంది మెర్సీగారు.

తలా ఇరవై ఆరు పంచుకున్నారు. ఒక్క గుండు మిగిలింది. "మాస్టారికిచ్చేద్దామప్పా," అంది మెర్సీగారు. ఆవిడ మనసు మెత్తన.

"ఒద్దొద్దు," అన్నారు సువార్తమ్మగారు. "ఇత్తే దాన్ని కూడా ముక్కలు సేత్తాడు." ఆ గుండు కానుకల సంచిలోనే ఉండిపోయింది.

పాస్టరుగారు బట్టలు దులుపుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "బాబూ, నీకిదంతా ఏమీ తెలియదు కదూ?"

"తెలియదండి," అన్నాను. దాచుకోవడానికి ఇంక ఏమీ మిగల్లేదు. "నేను నిజంగా భిన్నాలే చెప్పాలనుకున్నానండి."

ఆయన ముందు పెదవులు బిగపట్టారు. తర్వాత కళ్ళజోడు తీశారు. తర్వాత బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. మూడేళ్ళ నవ్వు ఒక్కసారిగా నవ్వినట్టున్నారు. ఆ రోజు ఏ పిల్లవాడికీ ఉమ్మడి హారం రాలేదు. నా థర్మకోల్ ఉండలు ఫ్రిజ్ మీద ఎవరికీ పట్టకుండా ఉండిపోయాయి.

ఇంతటితో అయిపోతే బాగుండేది. మరుసటి శనివారం ట్యూషన్ గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. జాలారిపేట పోలయ్య. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నాకు దణ్ణం పెట్టాడు.

"మాస్టారూ, తమరి గురించి పేటంతా సెప్పుకుంతన్నారు. మాది మీ దేవుడు కాదు గాని, తమరు కాదనకూడదు."

"చెప్పండి," అన్నాను. లెక్కలకు ఇంకొక పిల్లవాణ్ణి చేర్చడానికి వచ్చాడనుకున్నాను.

"నాకూ మా బావకీ ఒక బోటు మీద రెండేళ్ళ నుంచి తగువండి. మాటల్లేవు. పెద్దలు సెప్పేరు, ఇన్లేదు. తమరికి పున్నెవుంటాది, ఒక్కపాలి ఒడ్డుకొచ్చి..." గొంతు తగ్గించాడు. "ఆ బోటు ఇరగ్గొట్టేత్తారేటి?"

అప్పుడే, అతని ఎదుటే, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేశాను. ఇకమీదట ఈ నోటితో ఎన్నడూ ఉమ్మడి హారం అనను. గీత కింద అంకె అంటాను, అవసరమైతే వేలితో చూపిస్తాను, అదీ కుదరకపోతే మూగసైగలతో పాఠం చెబుతాను. పాఠం ఎంత గొప్పదైనా కత్తెర ముట్టను. ఎవరి మెళ్ళోదీ ఎవరి ఒడ్డుదీ, పిలిచి పీట వేసినా సరే, తెంపను, విరవను, పంచను. ఇన్నేళ్ళుగా ఆ మాట మీదే నిలబడి ఉన్నాను.

ఒడ్డుకు మాత్రం ఆ ఒక్కసారి వెళ్ళాను. ఉత్తి చేతులతోనే వెళ్ళాను. నేను వస్తున్నానని తెలిసి బావా బావమరుదులిద్దరూ బోటుకు చెరోవైపు నిలబడి, దాన్ని గట్టిగా కౌగిలించుకుని ఉన్నారు.